తాళాలు చేతికి రాకముందే నష్టం మనదైపోతుంది: ఇంగ్లండ్‌లో ఎక్స్చేంజ్‌కీ కంప్లీషన్‌కీ మధ్య ఇల్లు పాడైతే

క్రిస్మస్ అయిపోయిన రెండో రోజు పొద్దున్నే ఎస్టేట్ ఏజెంట్ ఫోన్ చేశాడు. మేం రెడింగ్‌లో కొంటున్న ఇంటి పక్కింటావిడ వాళ్ళకి ఫోన్ చేసిందట, ముందు తలుపు కింద నించి నీళ్ళు బయటికొస్తున్నాయి అని. అప్పటికి మేం కాంట్రాక్టులు ఎక్స్చేంజ్ చేసి పదిహేను రోజులయింది, కంప్లీషన్, అంటే తాళాలు చేతికొచ్చే రోజు, జనవరి మధ్యలో. ఆ ఇంట్లో ఉండే పెద్దావిడ పోయి చాలా నెలలైంది, పిల్లలు అమ్ముతున్నారు, ఇల్లు ఖాళీగా ఉంది. నేను వెళ్ళేసరికి ఏజెంట్ సింకు కింద స్టాప్‌కాక్ (ఇంటికొచ్చే నీళ్ళని ఆపే వాల్వ్) కట్టేసి నిలబడున్నాడు. కిచెన్ సీలింగ్ ప్లాస్టర్‌బోర్డ్ సగం ఊడి పడిపోయింది, కింద పడ్డ ముక్కని కాలితో కదిలిస్తే నానబెట్టిన అటుకుల్లా విడిపోయింది, హాల్లో లామినేట్ చెక్కలు అంచుల దగ్గర ఉబ్బి పైకి లేచాయి, లైటు హోల్డర్ నించి ఇంకా చుక్క చుక్కగా కారుతూనే ఉంది, ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన. బాత్రూమ్ పైన లాఫ్ట్‌లో పైపు గడ్డకట్టి పగిలింది.

అక్కడే నిలబడి ఖమ్మంలో ఉన్న నాన్నకి ఫోన్ చేశా. ఆయన ఒకటే మాట అన్నారు: "రిజిస్ట్రేషన్ అవ్వలేదు కదరా, ఇల్లు ఇంకా వాళ్ళదే. బాగుచేసి ఇమ్మను, లేకపోతే అడ్వాన్స్ వెనక్కి తీసుకో."

ఖమ్మంలో అయితే నాన్న చెప్పింది కరెక్టే. రెడింగ్‌లో కరెక్ట్ కాదు. ఇక్కడ ఇల్లు కొంటున్న మనవాళ్ళు చాలామంది సరిగ్గా ఈ చోటే పొరబడుతున్నారు, ఎందుకంటే మనందరి బుర్రలో ఇల్లు కొనడం అంటే రిజిస్ట్రేషన్ రోజే, దానికి ముందు జరిగేదంతా ఉత్త మాట్లాడుకోవడమే. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాద్దామనుకున్నా. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి, స్కాట్లండ్ వేరు, దాని గురించి తర్వాత చెప్తా.

ముందు ఎక్స్చేంజ్ అంటే ఏంటో చూద్దాం. ఆఫర్ ఒప్పుకున్నాక నెలల తరబడి సర్వేలు, సెర్చులు (ఇంటి రికార్డుల తనిఖీలు), సొలిసిటర్ల (ఇంటి కాగితాల పని చూసే లాయర్ల) ప్రశ్నలు నడుస్తాయి కదా, అప్పటిదాకా ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు, పెద్దగా అడిగేవాళ్ళుండరు. ఎక్స్చేంజ్ రోజున రెండు వైపుల సొలిసిటర్లు ఫోన్‌లో మాట్లాడుకుని, రెండు పక్కలా సంతకాలు పెట్టిన ఒకే కాంట్రాక్టు కాపీలని మార్చుకున్నట్టు ఒప్పుకుంటారు, మన డిపాజిట్, మామూలుగా ధరలో 10 శాతం, అటు వెళ్తుంది. ఆ నిమిషం నించి రెండు పక్షాలూ కట్టుబడిపోయినట్టే. కంప్లీషన్ అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు. మధ్యలో ఒక వారం ఉండొచ్చు, నాలుగు వారాలుండొచ్చు, మాకు పండగల వల్ల అయిదు వారాలు. ఆ వారాల్లో ఇంటికి ఏదైనా అయితే ఆ నష్టం ఎవరిది అన్నదే ప్రశ్న.

కాంట్రాక్టులో వేరేగా రాసుకోకపోతే అది కొనేవాళ్ళదే. ఇల్లు మొత్తం కాలిపోయినా సరే, కంప్లీషన్ రోజు పూర్తి డబ్బు కట్టాలి.

ఇది వినగానే అన్యాయం అనిపిస్తుంది, నాక్కూడా అనిపించింది, కానీ దీని వెనక ఒక లెక్క ఉంది. కాంట్రాక్టు కుదిరిందంటే ఇంగ్లండ్ కోర్టులు దాన్ని బలవంతంగానైనా అమలు చేయిస్తాయి, అంటే అమ్మేవాడు వెనక్కి తగ్గితే "ఇల్లు ఇచ్చి తీరాలి" అని ఆర్డర్ వేస్తాయి. ఎలాగూ ఇవ్వక తప్పదు కాబట్టి, ఎక్స్చేంజ్ అయిన క్షణం నించే ఆ ఇల్లు న్యాయం దృష్టిలో కొనేవాడిది అయిపోయింది, అమ్మేవాడు దాన్ని ట్రస్టీలాగా కాపలా కాస్తున్నాడు అని చూస్తాయి. లాభం వచ్చినా కొనేవాడికే, అంటే మధ్యలో ఆ ఏరియాలో ధర పెరిగితే అమ్మేవాడు ఎక్కువ అడగడానికి లేదు. మరి నష్టం వచ్చినా అంతే కదా అన్నది వాళ్ళ వాదన. 1801లో పెయిన్ వర్సెస్ మెల్లర్ అనే కేసులో ఇలాగే కాంట్రాక్టు అయ్యాక ఇళ్ళు కాలిపోతే, లార్డ్ ఎల్డన్ తేల్చింది ఇదే, టైటిల్ (అమ్మేవాడి యాజమాన్య హక్కు) సరిగ్గా ఉందని ఒప్పుకున్నాక కాలిపోవడం అన్నది డబ్బు కట్టకుండా తప్పించుకోడానికి కారణం కాదు అని.

ఇంకా గట్టి దెబ్బ 1881లో, రేనర్ వర్సెస్ ప్రెస్టన్ అని. లివర్‌పూల్‌లో వర్క్‌షాపులు అమ్మకానికి కాంట్రాక్టు అయింది, కంప్లీషన్ లోపల అగ్నిప్రమాదం జరిగింది, అమ్మినాయనకి ఇన్సూరెన్స్ ఉంది, కంపెనీ 330 పౌండ్లు ఇచ్చింది. కొన్నాయన పూర్తి ధర కట్టాడు, ఆ 330 నాకివ్వండి అనడిగితే కోర్టు ఒప్పుకోలేదు, ఆ పాలసీ అమ్మినాయన సొంత ఒప్పందం, నీకు దాంతో సంబంధం లేదంది. అంటే అమ్మినవాడికి పూర్తి ధరా వచ్చింది, ఇన్సూరెన్స్ డబ్బూ వచ్చింది. దీన్ని సరిచేద్దామని 1925 లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్‌లో సెక్షన్ 47 పెట్టారు, అమ్మినవాడికి అలా వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బు కంప్లీషన్‌లో కొన్నవాడికి చేరాలి అని, కాకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోవాలి, కాంట్రాక్టులో వద్దని రాసుకోకుండా ఉండాలి. ఇళ్ళ అమ్మకాల కాంట్రాక్టుల్లో మామూలుగా వాడే రెడీమేడ్ షరతులు, స్టాండర్డ్ కండిషన్స్‌లో సరిగ్గా అదే చేశారు, సెక్షన్ 47 వర్తించదు అని రాసేశారు. కాబట్టి చట్టంలో ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

స్టాండర్డ్ కండిషన్స్ గురించి కాస్త ఆగి చెప్పాలి, అసలు తికమక అంతా అక్కడే. పాత ఎడిషన్లలో రూలు తిరగేసి ఉండేది, అమ్మేవాడే కంప్లీషన్ దాకా రిస్క్ మొయ్యాలి, కాంట్రాక్టు రోజు ఎలా ఉందో అలాగే ఇల్లు అప్పజెప్పాలి, ఇల్లు వాడుకోడానికి పనికిరాకుండా పోతే కొనేవాడు రద్దు చేసుకోవచ్చు అని. 1990లో ఇక్కడ చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ ఈ రిస్క్ మీద రిపోర్టు ఇచ్చినప్పుడు కూడా, కాంట్రాక్టులే దీన్ని చూసుకుంటున్నాయి కదా, కొత్త చట్టం అక్కర్లేదు అని వదిలేసింది. కానీ వాస్తవంలో అమ్మేవాళ్ళ సొలిసిటర్లు ఆ కండిషన్‌ని కొట్టేసి రిస్క్ కొనేవాడి మీదే పెడుతుండేవాళ్ళు. చివరికి 2011లో అయిదో ఎడిషన్ వచ్చినప్పుడు దాన్నే రూలు చేసేశారు. ఇప్పుడు కండిషన్ 5.1లో మొదటి వాక్యమే, కాంట్రాక్టు తేదీ నించి ప్రాపర్టీ కొనేవాడి రిస్క్‌లో ఉంటుంది అని. అందుకే 2008లో ఇల్లు కొన్న బాబాయి "ఏం కాదులే, కంప్లీషన్ దాకా వాళ్ళదే బాధ్యత" అన్నారంటే ఆయన తప్పు చెప్తున్నట్టు కాదు, ఆయన కొన్నప్పుడు అలాగే ఉండొచ్చు. మన కాంట్రాక్టులో ఏముందో మనం చూసుకోవాలి, ముఖ్యంగా చివర్లో స్పెషల్ కండిషన్స్ అని విడిగా ఉంటాయి, అక్కడ ఎటు కావాలంటే అటు మార్చుకోవచ్చు.

దీన్ని ఇండియాలో మన పద్ధతితో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. 1882 ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 54 ఏమంటుందంటే, అమ్మకం అగ్రిమెంట్ ఒక్కటే ఆ ఆస్తిలో ఎలాంటి హక్కూ పుట్టించదు. బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నా ఇల్లు ఇంకా అమ్మేవాడిదే, సేల్ డీడ్ రిజిస్టర్ అయితేనే మనది. సెక్షన్ 55 ప్రకారం యాజమాన్యం కొనేవాడికి మారాకే నష్టం కొనేవాడిది, అగ్రిమెంట్‌కీ అప్పగింతకీ మధ్య ఒళ్ళు దగ్గర పెట్టుకున్న యజమాని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త అమ్మేవాడు తీసుకోవాలి. ఇంగ్లండ్ వాళ్ళ హయాంలో వచ్చిన చట్టమే, కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ళ సొంత పద్ధతికి వేరే దారి పట్టింది. నాన్న మాటలో తప్పు లేదన్నది అందుకే, ఆయన 54 పేరు వినకపోయినా ఆ సెక్షన్ ప్రకారమే జీవితమంతా పొలాలూ ఇళ్ళూ కొన్నారు.

సరే, నష్టం మనదే అన్నంత మాత్రాన అమ్మేవాడు ఇంటిని గాలికొదిలేసి కూర్చోవచ్చా? లేదు. ట్రస్టీ అన్నారు కదా, ఆ మాటకి ఇక్కడ బరువుంది. 1891లో క్లార్క్ వర్సెస్ రాముజ్ కేసులో, కాంట్రాక్టు అయ్యాక ఎవడో వచ్చి ఆ స్థలంలో పై మట్టి బండ్ల కొద్దీ తవ్వుకుపోయాడు, అమ్మినాయన చూసుకోలేదు, కోర్టు ఆయన్నే నష్టపరిహారం కట్టమంది. 1949లో ఫిలిప్స్ వర్సెస్ లామ్డిన్‌లో అమ్మినవాళ్ళు ఇంట్లో ఉన్న ఒక పాతకాలపు అందమైన తలుపు పీక్కుపోతే, తెచ్చి మళ్ళీ పెట్టమంది. కాబట్టి అమ్మేవాడి నిర్లక్ష్యం వల్లో, కావాలని చేసినందువల్లో పాడైతే అడిగే హక్కు మనకుంది. చలికాలంలో హీటింగ్ ఆపేసి, నీళ్ళు కట్టెయ్యకుండా ఊరెళ్ళిపోయాడంటే అది గట్టి వాదనే. కానీ ఎవరి తప్పూ లేకుండా పిడుగు పడ్డా, వరదొచ్చినా, పక్కింటి మంట అంటుకున్నా అమ్మేవాడిని పట్టుకోలేం.

ఇంటికి కంటికి కనిపించే దెబ్బ తగలకపోయినా నష్టం రావొచ్చని చెప్పే కేసు ఒకటుంది, దాన్ని తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. 1973లో ఒక కంపెనీ జాన్ వాకర్ అండ్ సన్స్ దగ్గర లండన్‌లో పాత గోడౌన్ ఒకటి 17 లక్షల పౌండ్ల పైచిలుక్కి కొంటూ కాంట్రాక్టు చేసుకుంది, పడగొట్టి కొత్తది కట్టుకుందామని. కాంట్రాక్టు అయిన ఒకట్రెండు రోజుల్లోనే ప్రభుత్వం దాన్ని చారిత్రక భవనంగా లిస్ట్ చేసింది, ఇక పడగొట్టడానికి లేదు, విలువ 2 లక్షల చిల్లరకి పడిపోయింది. కాంట్రాక్టు రద్దు చెయ్యండి అని మొత్తుకున్నా అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు, ఆ రిస్క్ తెలిసే కొన్నావు అంది.

ఇక అసలు కాపాడేది ఇన్సూరెన్స్. బిల్డింగ్స్ ఇన్సూరెన్స్ ఎక్స్చేంజ్ రోజు నించి మొదలవ్వాలి, కంప్లీషన్ రోజు నించి కాదు. నేను చేసిన పొరపాటు చెప్తా. ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు స్టార్ట్ డేట్ దగ్గర ఏం ఆలోచించకుండా కంప్లీషన్ డేట్ కొట్టేశా, ఇంట్లోకి వెళ్ళేది అప్పుడే కదా అని. సొలిసిటర్ మెయిల్‌లో ఒక లైను ఉంది, ఎక్స్చేంజ్ నించి ఇన్సూరెన్స్ అమల్లో ఉంటుందని కన్ఫర్మ్ చెయ్యండి అని, నేను సరే అని రిప్లై కూడా ఇచ్చేశా. ఎక్స్చేంజ్‌కి ముందు రోజు రాత్రి మా ఆవిడ కాగితాలన్నీ ముందేసుకుని చదువుతూ "ఏవండీ, ఇక్కడ ఎక్స్చేంజ్ నించి అనుంది, పాలసీలో జనవరి అనుంది, ఇదేంటి?" అంది. పొద్దున్నే ఫోన్ చేసి మార్పించాం. ఆవిడ ఆ రాత్రి అడగకపోయుంటే ఏమయ్యేదో ఊహించుకోడానిక్కూడా నాకు ఇష్టం లేదు.

ఆ ఫోన్‌లోనే ఇంకో మంచి పని జరిగింది. ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉంది అని చెప్పాం. ఇది చెప్పకపోతే చాలా పెద్ద చిక్కు, చాలా పాలసీల్లో ఇల్లు 30 రోజులో 60 రోజులో వరసగా ఖాళీగా ఉంటే నీళ్ళ లీకులకి, దొంగతనాలకి కవర్ ఆగిపోతుంది. ఖాళీ ఇంటికి వాళ్ళు ఒక షరతు పెట్టారు, చలికాలంలో హీటింగ్ సన్నగా నడుస్తూ ఉండాలి, లేదంటే నీళ్ళు కట్టేసి పైపులు ఖాళీ చెయ్యాలి అని. ఇల్లు మన చేతిలో లేదు కాబట్టి మన సొలిసిటర్ ద్వారా అమ్మేవాళ్ళ సొలిసిటర్‌కి రాయించాం, వాళ్ళు హీటింగ్ ఆన్‌లోనే ఉంచుతాం అని రాతపూర్వకంగా జవాబిచ్చారు. నిజంగానే ఉంచారు కూడా, కానీ మధ్యలో బాయిలర్ ప్రెజర్ పడిపోయి ఆగిపోయింది. తర్వాత లాస్ అడ్జస్టర్ (నష్టం ఎంతో చూడ్డానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి) వచ్చినప్పుడు అడిగిన మొదటి కాగితం ఆ మెయిలే.

అమ్మేవాళ్ళు ఇంకా ఆ ఇంట్లోనే కాపురం ఉంటున్నా అది కూడా కంపెనీకి చెప్పాలి, ఇల్లు నాది కాబోతోంది, ఫలానా తేదీ దాకా వేరేవాళ్ళుంటారు అని. కొన్ని హోమ్ పాలసీల్లో అమ్మేవాడి పాలసీయే మధ్య వారాల్లో కొనేవాడికి కూడా కవర్ ఇస్తుంది అని ఒక క్లాజ్ ఉంటుంది, కానీ కొనేవాడు వేరే పాలసీ తీసుకోకుండా ఉంటేనే. దాని మీద ఆధారపడమని నేనెవరికీ చెప్పను, వాళ్ళ ప్రీమియం ఆగిపోయిందో లేదో, వాళ్ళు కంపెనీకి ఏం దాచారో మనకి తెలీదు. ఇద్దరికీ పాలసీలుంటే రెండు కంపెనీలూ ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకునే ప్రమాదం కూడా ఉంది, దానికి అయిదో ఎడిషన్‌లో ఒక మందు ఉంది, అమ్మేవాడి పాలసీ ఉందన్న కారణంతో మన కంపెనీ మనకి తగ్గించి ఇస్తే, ఆ తగ్గినంత ఇంటి ధరలోంచి కోసేస్తారు. ఇది చాలామందికి తెలియదు, అవసరం వస్తే మీ సొలిసిటర్‌ని దీని గురించి అడగండి.

ఇప్పుడు అన్నిటికన్నా భయపెట్టేది, బ్యాంకు. ఇంటికి దెబ్బ తగిలిందని తెలిస్తే మన సొలిసిటర్ లెండర్‌కి చెప్పి తీరాలి, ఎందుకంటే ఆయన వాళ్ళ తరఫున కూడా పనిచేస్తున్నాడు. లెండర్ మళ్ళీ వాల్యుయేషన్ చేయిస్తానంటుంది, రిపేర్లయ్యేదాకా కొంత డబ్బు ఆపుకుంటానంటుంది, మరీ ఘోరంగా ఉంటే అసలు లోనే వెనక్కి తీసుకోవచ్చు. అమ్మేవాడి వైపు చూస్తే, కాంట్రాక్టు కాంట్రాక్టే, కంప్లీషన్ రోజు డబ్బు పడాలి. పడకపోతే రోజుకింత వడ్డీ, ఆ తర్వాత నోటీస్ టు కంప్లీట్ (గడువులోగా డబ్బు కట్టి కొనుగోలు పూర్తి చెయ్యమనే నోటీసు) ఇస్తారు, 10 వర్కింగ్ డేస్ గడువు, అదీ దాటితే డిపాజిట్ పోతుంది, పైగా ఇల్లు వేరేవాళ్ళకి తక్కువకి అమ్మాల్సొస్తే ఆ తేడా కూడా మన మీద వేసుకోవచ్చు. అంటే లోన్ రాదు, తప్పుకోడానికి లేదు. అందుకే దెబ్బ తగిలిన ఇల్లు చూసి కోపంతో "నేను కంప్లీట్ చెయ్యను పో" అని ఏజెంట్ ముందు అనెయ్యడం అస్సలు మంచిది కాదు, నేను దాదాపు అనబోయాను.

ఆ రోజు మేం చేసినవి చెప్తా, వరసలో కాదు, గుర్తొచ్చినట్టు. ముందు నీళ్ళు ఆగాయా లేదా చూసుకున్నాం, కరెంటు మెయిన్ కట్టేయించాం. ఒక్కో గదిలో నాలుగు మూలల నించి ఫోటోలు, వీడియో, ఊడిన ముక్కలు పారేయకుండా ఒక పక్కన పెట్టించాం. ఇంటి పాత పరిస్థితికి సాక్ష్యంగా సర్వే రిపోర్టు, వ్యూయింగ్ అప్పుడు మా పిల్ల సరదాగా తీసిన వీడియో ఉన్నాయి, ఆ వీడియోలో కిచెన్ సీలింగ్ పొడిగా, తెల్లగా కనిపిస్తుంది, అదే ఎక్కువ ఉపయోగపడింది. సొలిసిటర్‌కి, ఇన్సూరెన్స్‌కి అదే రోజు చెప్పాం, అమ్మేవాళ్ళని కూడా వాళ్ళ కంపెనీకి తెలియజేయమన్నాం. అమ్మేవాళ్ళబ్బాయి చాలా బాధపడి ఫోన్‌లో "కొంత తగ్గిస్తాలెండి" అన్నాడు, మంచివాడే, కానీ సొలిసిటర్ చెప్పిందేంటంటే నోటిమాట ఏదీ లెక్కలోకి రాదు, పైగా బ్యాంకుకి చెప్పకుండా ధర మార్చుకుంటే అది ఇంకో తప్పు. అంతా రెండు వైపుల సొలిసిటర్ల మధ్య రాతలోనే జరిగింది. వాల్యుయర్ మళ్ళీ వచ్చి చూసేదాకా కంప్లీషన్ పన్నెండు రోజులు వెనక్కి జరపడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకున్నారు, ఒప్పుకోవాలని రూలేం లేదు, వాళ్ళకి వెనకాల ఇంకో ఇల్లు కొనే చెయిన్ లేదు కాబట్టి కుదిరింది. మా పాలసీ ఎక్సెస్ (క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సిన వాటా) పోను మిగతాది ఇచ్చింది. మూడు వారాల పాటు ఆ ఇంట్లో తేమ లాగే మెషీన్లు రాత్రీ పగలూ హోరుమంటూనే ఉన్నాయి.

ఫ్లాట్ కొనేవాళ్ళకి కథ వేరు. బిల్డింగ్ మొత్తానికి ఫ్రీహోల్డరో (బిల్డింగ్, స్థలం సొంతదారు) మేనేజ్‌మెంట్ కంపెనీయో పాలసీ తీసుకుంటారు, మనం విడిగా తీసుకోనక్కర్లేదు, కానీ ఎక్స్చేంజ్‌కి ముందే ఆ పాలసీ కాగితం తెప్పించుకుని రెన్యువల్ తేదీ మన మధ్య వారాల్లో పడుతోందా అని చూసుకోవాలి. కొత్తగా కడుతున్న ఇల్లయితే మామూలుగా కంప్లీషన్ దాకా రిస్క్ బిల్డర్‌దే, కాంట్రాక్టులో ఆ మాట ఉందో లేదో చూసుకుంటే చాలు. స్కాట్లండ్‌లో కూడా పాత న్యాయం ప్రకారం ఒప్పందం కుదరగానే రిస్క్ కొనేవాడికే పోతుంది, కానీ అక్కడ అందరూ వాడే స్టాండర్డ్ క్లాజెస్‌లో తాళాలిచ్చే రోజు దాకా అమ్మేవాడి మీదే ఉంచారు, ఇల్లు బాగా దెబ్బతింటే ఇద్దర్లో ఎవరైనా తప్పుకోవచ్చు. ఎడిన్‌బరాలో ఉన్న మనవాళ్ళ సలహా లండన్‌లో ఉన్నవాళ్ళకి, వీళ్ళది వాళ్ళకి పనికిరాదు. ఇంగ్లండ్‌లోనే ఈ గొడవంతా లేకుండా చేసుకోవాలంటే ఎక్స్చేంజ్, కంప్లీషన్ ఒకే రోజు పెట్టుకోవచ్చు, మధ్యలో గ్యాపే ఉండదు, కాకపోతే ఆ రోజు పొద్దుటి దాకా ఎవరైనా తప్పుకోవచ్చన్న టెన్షన్ మొయ్యాలి, లోన్ డబ్బు, సామాను బండి అన్నీ ముందే సిద్ధం చేసుకుని కూర్చోవాలి.

అమ్మేవాళ్ళకి కూడా ఒక మాట. రిస్క్ కొనేవాడికి పోయింది కదా అని ఎక్స్చేంజ్ రోజే పాలసీ క్యాన్సిల్ చేసేవాళ్ళని చూశాను, నాలుగు వారాల ప్రీమియం మిగుల్తుందని. మీ మార్ట్‌గేజ్ ఇంకా తీరలేదు, మీ బ్యాంకు ఇన్సూరెన్స్ ఉండాలని షరతు పెట్టే ఉంటుంది. పైగా కొనేవాడు కంప్లీట్ చెయ్యకుండా చేతులెత్తేశాడనుకోండి, కాలిపోయిన ఇల్లు మీ పేరునే మిగుల్తుంది, వాడి మీద కేసు గెలిచినా వాడి దగ్గర డబ్బుండాలి కదా. కంప్లీషన్ అయింది, డబ్బు అకౌంట్లో పడింది అని సొలిసిటర్ ఫోన్ చేసి చెప్పాక క్యాన్సిల్ చేసుకోండి, అప్పటిదాకా ఆగండి.